పరిమితి పెట్టాల్సింది పరిహారం మీద కాదు, బిల్లు మీద!

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత ప్రజలకు, డాక్టర్లకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు, ప్రజాప్రతినిధులకు విజ్ఞప్తి



వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే కోర్టులు ఇప్పించే నష్టపరిహారానికి గరిష్ఠ పరిమితి పెట్టాలని చాలాకాలంగా ఒక వాదన వినిపిస్తోంది. 2017 జూన్ 6న భారత వైద్య సంఘం ‘దిల్లీ చలో’ పేరుతో చేసిన ఆందోళనలో ఇదీ ఒక డిమాండు. పరిమితి ఉంటే డాక్టర్లు కేసులకు భయపడి అనవసరపు టెస్టులు రాయరని, బిల్లులు దిగుతాయని, ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గుతుందని చెబుతారు. వినడానికి బాగానే ఉంది. మరి మన జేబులో నిజంగా ఏమైనా మిగులుతుందా? లెక్క చూద్దాం.

కోటి రూపాయల్లో ఏముంది?

1990లో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 20 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో కణితి ఉందని ఆపరేషన్ చేశారు. పరీక్ష కోసం ముక్క తీయడానికి మాత్రమే అనుమతి తీసుకుని, ఏకంగా కణితే తొలగించారు. న్యూరోసర్జన్‌ను దగ్గర పెట్టుకోలేదు. ఆ కుర్రాడి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. 1999లో జాతీయ వినియోగదారుల కమిషన్ సుమారు 15 లక్షలు ఇమ్మంది. 2009 మే 14న సుప్రీంకోర్టు దాన్ని కోటి రూపాయలకు పెంచింది. ఆపరేషన్‌కీ తుది తీర్పుకీ మధ్య దాదాపు 19 ఏళ్లు గడిచాయి.

కోటి అనగానే కళ్లు పెద్దవవుతాయి. తీర్పులోని పద్దులు చదివితే విషయం తెలుస్తుంది. నర్సుకు నెలకు 4 వేల చొప్పున 30 ఏళ్లకు 14 లక్షల 40 వేలు. ఫిజియోథెరపీకి నెలకు 3 వేల చొప్పున 10 లక్షల 80 వేలు. డ్రైవరుగా, తోడుగా ఉండే మనిషికి నెలకు 2 వేల చొప్పున 7 లక్షల 20 వేలు. మందులు, పోగొట్టుకున్న సంపాదన వేరే. ఆయన పడ్డ బాధకు కట్టిన వెల 10 లక్షలు. ఈ మొత్తానికి పరిమితి పెడితే కోత పడేది నర్సు జీతంలో, మందుల ఖర్చులో. ఆ భారం మళ్లీ తల్లిదండ్రుల మీదే పడుతుంది.

పైగా అన్నీ కోటి రూపాయల కేసులు కావు. హైదరాబాద్‌లోనే 2002లో చలిజ్వరంతో చేరిన ఒక మహిళకు మలేరియా అయితే టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం 2 లక్షలు ఇప్పిస్తే రాష్ట్ర కమిషన్ కొట్టేసింది. ఆ 2 లక్షల కోసం భర్త సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2010లో గెలిచాడు.

అమెరికాలో పెట్టి చూశారు

మన పిల్లలు ఎందరో డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్నారు. వాళ్లుండే టెక్సాస్ రాష్ట్రం 2003లోనే డాక్టర్ల మీద కేసుల్లో మానసిక వేదన, శారీరక బాధ పద్దుకు 2.5 లక్షల డాలర్ల పరిమితి పెట్టింది. కేసులు తగ్గాయి. డాక్టర్లు కట్టే బీమా ప్రీమియం కూడా తగ్గింది. ఆ మాట ఒప్పుకోవాలి. రోగుల ఖర్చు మాత్రం తగ్గలేదు. 2009లో అమెరికా సర్జన్, రచయిత డాక్టర్ అతుల్ గవాండే అదే రాష్ట్రంలోని మెకాలెన్ పట్టణానికి వెళ్లి చూస్తే, అక్కడ వృద్ధుల వైద్యానికి అవుతున్న ప్రభుత్వ ఖర్చు దేశ సగటుకు దాదాపు రెట్టింపు ఉంది. అప్పటికి పరిమితి వచ్చి ఆరేళ్లు. అదే ఏడాది అమెరికా పార్లమెంటు బడ్జెట్ కార్యాలయం దేశమంతా ఇలాంటి సంస్కరణలు తెస్తే మొత్తం వైద్య ఖర్చు అర శాతం తగ్గుతుందని అంచనా కట్టింది. అంటే లక్ష రూపాయల బిల్లులో 500.

బిల్లు పెరిగేది ఎక్కడ?

డిశ్చార్జి రోజు కౌంటర్లో ఇచ్చే కాగితాలు ఒకసారి తిప్పి చూడండి. గ్లవ్స్, సిరంజీలు, ఐవీ సెట్లు, రోజుకో రక్తపరీక్ష, బయట కొనడానికి వీల్లేదన్న ఫార్మసీ బిల్లు, రూము రేటును బట్టి మారిపోయే డాక్టర్ ఫీజు. 2018లో జాతీయ ఔషధ ధరల సంస్థ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలించి, కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా ఉందని తేల్చింది. ఈ లాభానికీ కోర్టు కేసుల భయానికీ సంబంధం ఏమిటి?

అదే సంస్థ 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంటు ధరకు పరిమితి పెట్టింది. అప్పటిదాకా లక్ష దాటిన మందుపూత స్టెంటు 29,600 రూపాయలకు దిగింది. పరిమితి ఎక్కడ పెడితే పేషెంటుకు మేలో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఇంకో మాట. మనం కట్టే ఆరోగ్య బీమా వేరు, డాక్టరు తన మీద వచ్చే కేసుల కోసం తీసుకునే ఇండెమ్నిటీ పాలసీ వేరు. మన పాలసీ చెల్లించేది ఆసుపత్రి బిల్లులు. బిల్లులు పెరిగితే ప్రీమియం పెరుగుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. పాలసీదారుకు నేరుగా అందేది అలాంటి ఊరట.

గేటు దగ్గరి పంచాయితీ

మన దగ్గర పరిమితి ఇప్పటికే ఉంది, చట్టంలో కాదు. నాగ్‌పూర్ హైవే మీదైనా, రాజీవ్ రహదారి మీదైనా, ఆసుపత్రిలో మనిషి పోతే జరిగే తంతు అందరికీ తెలుసు. గేటు ముందు ధర్నా, పోలీసు వ్యాను, లోపల మూసిన గదిలో పెద్దమనుషులు. చీకటి పడేలోపు ఒక అంకె కుదురుతుంది. తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని శవాన్ని పంపేస్తారు. తప్పు జరిగిందో లేదో ఎవరూ తేల్చరు. తప్పు చేయని డాక్టరూ డబ్బు కడతాడు, తప్పు చేసినవాడూ అంతే కట్టి బయటపడతాడు. మధ్యలో వాటా తినేవాడే బాగుపడతాడు. కోర్టు ఇప్పించే మొత్తానికి కోత పెడితే, కేసు వేయడం దండగనుకుని మరింతమంది ఈ గేటు దగ్గరికే వస్తారు.

డాక్టర్ల భయాన్ని మేము కొట్టిపారేయడం లేదు. అద్దాలు పగలగొట్టడం, నర్సుల మీద చేయిచేసుకోవడం నేరం. దానికి 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. నిర్లక్ష్యం తీవ్రంగా ఉంటే తప్ప డాక్టరు మీద క్రిమినల్ కేసు కుదరదని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. డాక్టరుకు కావాల్సింది త్వరగా వచ్చే న్యాయమైన తీర్పు. పేషెంటుకు కావాల్సిందీ అదే.

మా డిమాండ్లు

1. 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెప్పినట్టు ఫిర్యాదులు 3 నెలల్లో, పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేలాలి. కమిషన్లలో ఖాళీలు ఉండకూడదు.

2. వైద్య కేసుల్లో అభిప్రాయం ఇవ్వడానికి ప్రభుత్వ బోధనాసుపత్రుల నిపుణులతో శాశ్వత ప్యానెల్ వేయాలి. వారు 30 రోజుల్లో నివేదిక ఇవ్వాలి.

3. పేషెంటు అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలన్నది 2002 నాటి నిబంధన. ఇవ్వని ఆసుపత్రి మీద చర్య తీసుకోవాలి.

4. 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం రేట్ల బోర్డు స్థానిక భాషలో కనబడాలి. జిల్లా వైద్యాధికారులు తిరిగి తనిఖీ చేయాలి. ఆసుపత్రిలో వాడే వస్తువుల లాభానికి హద్దు పెట్టాలి.

5. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. ఫిర్యాదు రాసుకోలేని పేషెంట్లకు అక్కడి విద్యార్థులు సాయపడే ఏర్పాటు చేయాలి.

6. ఆసుపత్రులపై దాడులకు దిగినవారిపై, గేటు దగ్గర బేరాలు కుదిర్చేవారిపై పార్టీలు చూడకుండా కేసులు పెట్టాలి.

మీరు చేయాల్సింది

బిల్లులు, కేస్‌షీటు, స్కాన్ రిపోర్టులు పారేయకండి. డబ్బు చెల్లించి వైద్యం చేయించుకున్నవారు వినియోగదారులేనని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఘటన జరిగిన రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.

డాక్టర్లారా, పరిహారంలో కోత అడగడం మాని, త్వరగా తేలే విచారణ కోసం మాతో కలిసి అడగండి.

సోమవారం శామీర్‌పేట కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి ఫిర్యాదుల కార్యక్రమానికి ఈ ఆరు డిమాండ్లతో దరఖాస్తు తీసుకుని రండి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి నాయకుడినీ ఒకే ప్రశ్న అడగండి: పరిమితి పెట్టేది చచ్చుబడిన కాళ్లకు కట్టే వెల మీదా, 1,737 శాతం లాభం మీదా?

ఇట్లు,
మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత పౌరులు