రీఫ్ ట్యాంకులో నక్షత్రం వద్దు

ఉప్పునీటి ట్యాంకు పెట్టి, నాలుగు పగడాలు అతికించి, రెండు క్లౌన్‌ఫిష్‌లు వదిలాక ప్రతివాడికీ ఒక కోరిక పుడుతుంది: ఒక స్టార్‌ఫిష్ కూడా ఉంటే బాగుణ్ణు. విశాఖలో ఉన్న ఈ సరదా హైవే వెంట ఎలమంచిలి దాకా వచ్చింది. అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. వద్దు. కొనొద్దు. ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. పూడిమడక ఒడ్డున అలివి వలలో పడిందని నీళ్లసీసాలో వేసుకుని రావద్దు. ఆ జీవి మీ ఇంట్లో ఆకలితో చస్తుంది. మీ కళ్లముందే, మీకు తెలియకుండానే చస్తుంది.

అమ్మేవాళ్ల దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంటుంది: ‘రీఫ్ సేఫ్’. ఒళ్లంతా నల్లటి బుడిపెలుండే చాక్లెట్ చిప్ నక్షత్రం పగడాల్నీ ఆలిచిప్పల్నీ స్పాంజీల్నీ తినేస్తుంది కనుక అది సేఫ్ కాదట. ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్ రాత్రిపూట ఒళ్లు పైకెత్తి గొడుగులా నిలబడి, కిందికి దూరిన చేపను చుట్టేస్తుంది కనుక అదీ కాదట. నీలి లింకియా పగడాన్ని ముట్టదు కనుక సేఫ్ అట. ఎవరికి సేఫ్? మీ పగడానికి. మీరు పెట్టిన డబ్బుకి. ఆ నక్షత్రం గతేమిటని ఎవడడిగాడు?

లింకియా ఏం తింటుందో చూడండి. రాళ్ల మీద పేరుకునే సన్నని జిగట పొర, అందులోని సూక్ష్మజీవులు, కుళ్లిన చెత్త. సముద్రంలో అది ఒక రాయి మీంచి ఇంకో రాయికి తిరుగుతూ మేస్తుంది. మేసిన చోట మళ్లీ పొర పట్టేలోపు ఇంకెక్కడికో వెళ్లిపోతుంది. 200 లీటర్ల ట్యాంకులో ఎన్ని రాళ్లుంటాయి? వాటి మీది పొర అయిపోయాక దానికి మేత లేదు. ఆ మేత ఏ డబ్బాలోనూ అమ్మరు. ఇసుకను శుభ్రం చేస్తుందని చెప్పి అంటగట్టే శాండ్ సిఫ్టింగ్ స్టార్ కథా ఇంతే. ఇసుకలో బతికే చిన్న పురుగుల్నీ నత్తల్నీ తినడమే దాని ‘శుభ్రత’. ఇంత ట్యాంకులో అవెన్నాళ్లొస్తాయి?

అసలు మోసం ఇక్కడుంది. నక్షత్రం వెంటనే చావదు. దాని ప్రతి చేతిలోనూ ఒక జత జీర్ణగ్రంథులుంటాయి. తిండి దొరికిన రోజుల్లో కొవ్వూ ప్రోటీనూ అక్కడ దాచుకుంటుంది. మేత ఆగిపోతే ఆ నిల్వను కరిగించుకుంటూ నెలల తరబడి నెట్టుకొస్తుంది. గాజు మీద పాకుతుంది, ఫొటోల్లో అందంగా పడుతుంది. “చూశారా, ఆరు నెలల నుంచి హాయిగా ఉంది” అంటాడు యజమాని. అది హాయి కాదు బాబూ, ఆరు నెలల పస్తు.

ఒక అంగట్లో ఆ చివరి దశ చూశాను. చేతి కొస తెల్లబడి, చర్మం విచ్చుకుని, లోపలి మెత్తటిదంతా పోగులుగా బయటికి వేలాడుతోంది. అడుగున వరసల్లో ఉండే గొట్టపు పాదాలు గాజును అందుకుంటున్నాయి, నిలవలేక జారిపోతున్నాయి. పక్కన ధర చీటీ అలాగే ఉంది. పని కుర్రాణ్ణి అడిగితే “నీళ్లు కొత్తవండీ, సర్దుకుంటుంది” అన్నాడు.

సర్దుకోదు. నక్షత్రానికి మనలాంటి రక్తం లేదు, మూత్రపిండాలు లేవు. వీపు మీద ఉన్న జల్లెడ పలక గుండా సముద్రపు నీరే లోపలికి వెళ్లి ఆ గొట్టపు పాదాల్ని నడిపిస్తుంది. బయట ఉప్పు ఎంతో లోపలా అంతే. చేప తన ఒంట్లో ఉప్పును తానే సరిచేసుకోగలదు, దీనికి ఆ ఏర్పాటు లేదు. అందుకే అనుభవమున్నవాళ్లు గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్లు కలిపి అలవాటు చేయాలంటారు. లీటరుకు సుమారు 35 గ్రాముల దగ్గర ఉప్పు కదలకుండా ఉండాలంటారు. మన ఎండలకు ట్యాంకు నీరు ఆవిరై ఉప్పు పెరుగుతుంది. కరెంటు పోతే చిల్లర్ ఆగి నీరు వేడెక్కుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి చీకట్లో గడిపిన ప్రాంతం ఇది. ఇక చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చిందని రాగి మందు పోశారో, చేప బతకొచ్చు గానీ నక్షత్రం మాత్రం బతకదు.

కొనకుండా మన ఒడ్డునే ఏరుకుంటాం అనేవాళ్ల మీద నాకు ఇంకా కోపం. వానాకాలం చివర్లో వరదనీరు కలిసి బంగాళాఖాతం ఒడ్డు నీటిలో ఉప్పు బాగా తగ్గుతుంది. ఆ నీటిలోంచి తీసి నేరుగా రీఫ్ ట్యాంకులో పడేస్తే దాని ఒళ్లు ఏమవుతుందో పైన చెప్పాను. పైగా మన వలల్లో పడే ఆస్ట్రోపెక్టెన్ నక్షత్రం ఇసుకలో పూడుకుని, చిన్న చిన్న గవ్వల్ని మింగి బతికేది. రీఫ్‌తో దానికేం పని?

“అన్నీ చావవు కదా” అంటారు. నిజమే. ట్యాంకులో వేసే లైవ్ రాక్ వెంట పిలవకుండా వచ్చే గోరంత ఆస్టెరీనా తనను తాను చీల్చుకుంటూ ట్యాంకంతా నిండిపోతుంది. రాళ్ల సందుల్లో దాగి, చేపలు వదిలేసిన తిండి ఏరుకునే కొన్ని బ్రిటిల్ స్టార్లు ఏళ్ల తరబడి ఉంటాయి. కానీ వాటి కోసం ఎవరూ అంగడికి వెళ్లరు. చూడగానే కళ్లు చెదిరే నీలిదే కావాలి అందరికీ, చచ్చేదీ అదే.

ఇక చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతి పగడాలకూ సముద్ర దోసకాయలకూ 2001లో మొదటి షెడ్యూలులో చోటిచ్చారు, పులికిచ్చినట్టే. కాబట్టి మన సముద్రపు పగడం మీ ట్యాంకులో ఉంటే అది నేరం, సరదా కింద లెక్క కాదు. నక్షత్రం పేరు ఆ వరసలో చేరలేదు. చట్టం ఊరుకుంది కదా అని చేతులు చాపేవాళ్లతోనే నా గొడవంతా.

నక్షత్రాల్ని ఎత్తుకుపోతే ఏమవుతుందో చూడండి. 1963లో రాబర్ట్ పెయిన్ అనే జీవశాస్త్రవేత్త అమెరికా పడమటి ఒడ్డున, మకా బే దగ్గర, ఒక రాతి మేర మీంచి పైసాస్టర్ నక్షత్రాల్ని పీకి సముద్రంలోకి విసరడం మొదలుపెట్టాడు. ఆలిచిప్పల్ని తినేది లేకపోయేసరికి అవి రాయినంతా ఆక్రమించాయి. 15 జాతులున్న చోట 8 మిగిలాయి. విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్ల గుంటల్లో కనిపించే ప్రతి నక్షత్రమూ అంత పని చేస్తుందని నేననను. ఏం చేస్తుందో తెలుసుకోకముందే “ఒక్కటే కదా” అని ఎత్తుకుపోయే హక్కు మాత్రం ఎవరికీ లేదంటాను. పిల్లలకు చూపించాలంటే సముద్రం వెనక్కి తీసిన వేళ అక్కడికే తీసుకెళ్లండి. వంగి చూడమనండి. చెయ్యి పెట్టనివ్వకండి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే, జాలిపడి రేవుపోలవరం ఒడ్డుకు తీసుకెళ్లి వదలకండి. అంగడి నక్షత్రం ఏ దేశపు రీఫ్ నుంచి వచ్చిందో, ఏ జబ్బు మోస్తోందో మీకు తెలియదు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ తెచ్చుకుని రోజూ చూడండి. ఇసుక జాతిదైతే ఆలిచిప్ప మాంసం ముక్క దాని కిందికి జరపండి. రాగి మందు ఆ ట్యాంకు దరిదాపులకు రానివ్వకండి. పోయిందని తెలిసిన క్షణమే బయటికి తీయండి, లేకపోతే అది కుళ్లి, అమోనియా పెరిగి మిగతావీ పోతాయి. ఆ తర్వాత అంగడివాడు సగం ధరకే ఇంకోటి ఇస్తానన్నా కొనకండి.