ఇషా అజాన్ తర్వాత హోంవర్క్ హరామ్ అనను గానీ...



హరామ్, హలాల్ చెప్పే స్థాయి నాది కాదు, అది ఉలమాల పని. కానీ ఒక తండ్రిగా చెప్పే మాట ఇది: ఐదో తరగతి లోపు బచ్చా ఇషా అజాన్ అయ్యాక కూడా నోట్‌బుక్ ముందు కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడంటే అది తాలీమ్ కాదు, జుల్మ్. బడివాళ్లని ఒక్కళ్లనే తిట్టి ఊరుకుంటే నాకూ సులువే. కానీ ఈ జుల్మ్‌లో హిస్సా చాలామందికి ఉంది. ట్యూషన్ బాజీలకి ఉంది, అమ్మీ అబ్బాలకి ఉంది, మాఫ్ చెయ్యాలి, కొన్ని చోట్ల మక్తబ్‌కి కూడా ఉంది.

మా వైపు, అంటే పాల్వంచ నుంచి బూర్గంపాడు దాటి భద్రాచలం వెళ్లే రోడ్డు పొడుగునా, ప్రైవేటు బడికి వెళ్లే మూడో తరగతి పిల్లాడి రోజు ఒకసారి లెక్క పెట్టండి. ఏడింటికి వ్యాన్ వస్తుంది. ఒక్కో పల్లెలో ఆగుతూ పిల్లల్ని నింపుకుంటూ బడికి పోతుంది. సాయంత్రం అదే వ్యాన్ అదే వరసలో వదులుతూ వస్తుంది కాబట్టి చివరి ఊరి పిల్లలు ఇల్లు చేరేసరికి ఐదు దాటుతుంది. చలికాలం మన దగ్గర మగ్రిబ్ ఐదున్నరకే. అంటే వాడు సంచి దించి, మొహం కడుక్కునేలోపు పొద్దు గూకిపోతుంది. ఆట లేదు. తర్వాత టోపీ పెట్టి మస్జిద్‌కి పంపుతాం, ఖాయిదానో సిపారానో. అక్కణ్ణుంచి ట్యూషన్. ట్యూషన్ నుంచి వచ్చి రెండు ముద్దలు తిని, మిగిలిన హోంవర్క్. అప్పటికి ఇషా జమాత్ కూడా అయిపోయి ఉంటుంది.

ఇంకొకటి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ ఎనిమిదేళ్ల బచ్చా ఒక్క రోజులో ఇంగ్లీషు, తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తాడు. హిందీ పెట్టిన బడిలో ఇంకో లిపి. సాయంత్రం అరబీ కుడి నుంచి ఎడమకి చదువుతాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ తెలుగు కలిసిన మన భాష. మన ఖమ్మం సంగతి తెలుసు కదా, 2017లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసేదాకా ఈ జిల్లా ఆ జాబితాలోనే లేదు. మన పిల్లలకి ఉర్దూ చెవికి తెలిసినంత కంటికి తెలియదు. నాలుగు లిపుల మధ్య తిరిగే బుర్రకి రాత్రి తొమ్మిదింటికి "ఇంకో పేజీ" అని చెప్పే ముందు కొంచెం రహమ్ ఉండాలి.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. పెద్దవాళ్లంతా చెప్పే సలహా ఒకటుంది: "బడి నుంచి రాగానే హోంవర్క్ చేయించెయ్యండి, తర్వాత రాత్రంతా ఫ్రీ." వినడానికి బాగుంటుంది. నేను దీనికి పూర్తిగా ఖిలాఫ్. ఎనిమిది తొమ్మిది గంటలు బెంచీ మీదా వ్యాన్‌లోనూ కూర్చుని వచ్చిన పిల్లాణ్ణి మళ్లీ కూర్చోబెట్టడం ఏం ఇన్సాఫ్? బొగ్గు గనిలో షిఫ్ట్ చేసి వచ్చిన భర్తని గుమ్మంలోనే ఆపి ఇంకో గంట పని చెయ్యమని ఏ బేగమ్ అయినా అంటుందా? కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు ఇళ్లలో ఈ సంగతి నేను వివరించక్కర్లేదు. షిఫ్ట్ దిగిన మనిషికి స్నానం, చాయ్, కాసేపు మంచం. పిల్లాడికి మాత్రం డైరీ! బడికీ మగ్రిబ్‌కీ మధ్య ఎంత వెలుతురు మిగిలితే అంతా ఆటదే. దాన్ని ముట్టుకునే హక్ ఎవరికీ లేదు.

మరి ఎప్పుడు? చాలా ఇళ్లలో గోడ మీద కాగితం అంటిస్తారు: ఆరు నుంచి ఏడు హోంవర్క్. ఈ గడియారపు లెక్క మన ఇళ్లలో నడవదు. ఎందుకంటే మన రోజు సూర్యుడితో కదులుతుంది. భద్రాచలంలో డిసెంబరులో ఐదున్నరకి మునిగే పొద్దు జూన్ నెలాఖరుకి ఆరూ ముప్పావుకి మునుగుతుంది. గంటకి పైగా తేడా. జూన్‌లో ఆరింటికి పిల్లాడు వీధిలో ఆడాల్సిన టైము, డిసెంబరులో ఆరింటికి మక్తబ్‌లో ఉండాల్సిన టైము. ఒకే కాగితం రెంటికీ ఎలా పనికొస్తుంది? కానీ మగ్రిబ్‌కీ ఇషాకీ మధ్య గంటంబావు, కొంచెం అటూ ఇటూగా, ఏడాదంతా ఉంటుంది. ఆ గంటంబావులోనే మక్తబ్, హోంవర్క్, భోజనం పట్టాలి. పట్టకపోతే తగ్గించాల్సింది భోజనమూ కాదు, మక్తబూ కాదు. హోంవర్క్.

ఎంత తగ్గించాలో నేను సొంతంగా చెప్పడం లేదు. డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హారిస్ కూపర్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2006లో చూస్తే, హోంవర్క్‌కీ మార్కులకీ సంబంధం పెద్ద తరగతుల్లో బాగా కనిపించింది, చిన్న తరగతుల్లో దాదాపు కనిపించలేదు. ఆయన సమర్థించే లెక్క తరగతికి పది నిమిషాలు. మూడో తరగతికి అరగంట, అంతే. మన సర్కారు ఇంకా ముందుకెళ్లింది. 2017 జూలైలో తెలంగాణ విద్యాశాఖ బడి సంచి బరువు మీద ఉత్తర్వు ఇచ్చింది. ఒకటి, రెండు తరగతుల సంచి ఒకటిన్నర కిలో దాటకూడదు, ప్రైమరీ పిల్లలకి హోంవర్క్ ఇవ్వకూడదు. మద్రాసు హైకోర్టు 2018లో ఒకటి, రెండు తరగతులకి హోంవర్క్ వద్దంది. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో తరగతి దాకా హోంవర్కే లేదు, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించొద్దు. రోజుకి కాదు సాబ్, వారానికి. అంతకు చాలా ముందే, 1989లో, ఆర్.కే. నారాయణ్ రాజ్యసభలో తొలి ప్రసంగాన్ని పిల్లల సంచుల బరువు మీదే చేశారు. ఆ తర్వాత యశ్‌పాల్ కమిటీ కూర్చుని 1993లో రిపోర్టు ఇచ్చింది. ముప్పై ఏళ్లు దాటింది. మా వ్యాన్ ఎక్కే యూకేజీ పిల్ల సంచి మాత్రం ఆ పిల్ల వీపుకన్నా పెద్దది.

ఇంత ఉన్నా బడి ఎందుకు ఇస్తుంది? మనం అడుగుతున్నాం కాబట్టి. పోయిన ఏడాది ఒక పేరెంట్స్ మీటింగులో నేను లేచి, చిన్నపిల్లలకి నాలుగు పేజీలు ఎందుకని అడిగా. మేనేజ్‌మెంట్ ఇంకా నోరు తెరవలేదు, నా వెనక కూర్చున్న భాయ్ జవాబిచ్చాడు: "ఫీజు కడుతున్నాం కదా భాయ్‌సాబ్, చదివించకపోతే ఎలా?" చప్పట్లు కూడా పడ్డాయి. నిండిన నోట్‌బుక్ మనకి ఫీజు రసీదులాగా అయిపోయింది.

ఆ భాయ్ మాటలో ఉన్న ఫికర్‌ని నేను తేలిగ్గా తీసుకోను. 2006 సచార్ కమిటీ రిపోర్టు చెప్పింది, ఆరు నుంచి పధ్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి పాతికమంది అసలు బడికే వెళ్లలేదు, లేదా మధ్యలో మానేశారు. మెకానిక్ షెడ్డులో, చికెన్ సెంటర్‌లో, టైర్ల దుకాణంలో పదేళ్ల వయసులో నిలబడిన వాళ్లు ఆ పాతికలో ఉన్నారు. వాళ్ల తమ్ముళ్లో కొడుకులో ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. "మావాడు వెనకబడకూడదు" అనే భయం హక్కైన భయం. కానీ ఆ పాతికమందిలో హోంవర్క్ తక్కువై బడి మానేసినవాణ్ణి నాకు చూపించండి. మజ్బూరీ వల్ల మానేశారు, బడిలో బేఇజ్జత్ అయ్యి మానేశారు. హోంవర్క్ చెయ్యలేదని క్లాసు బయట నిలబెడితే, రెండోసారి నిలబెడితే, మూడోసారి ఆ పిల్లాడే బడికి పోనంటాడు.

అసలు హోంవర్క్ పరీక్ష పెట్టేది ఎవరికి? పిల్లాడికి కాదు, అమ్మీకి. నాన్న డిగ్రీ చదివిన ఇంట్లో ఆ నాలుగు పేజీలు ఇరవై నిమిషాల పని. నాన్న ఆటో తోలే ఇంట్లో, అమ్మీ ఏడో తరగతితో ఆగిపోయిన ఇంట్లో, అవే నాలుగు పేజీలు రెండు గంటల ఏడుపు. క్లాసులో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు, ఒకే టీచర్ చెబుతుంది. తేడా ఇంటి దగ్గర మొదలవుతుంది, ఆ తేడాకి మర్నాడు మార్కులు పడతాయి. మా మొహల్లాలో ఒక ఆపా నాతో అన్న మాట: "ఆ ఇంగ్లీషు డైరీలో ఏం రాశారో నాకు తెలీదు భాయ్. నా కూతురు నాకు తెలీదని కనిపెట్టేసింది. అదే నాకు షరమ్." ఆ షరమ్ నుంచి తప్పించుకోడానికి ఆమె బీడీల డబ్బులోంచి ట్యూషన్‌కి కడుతోంది. ట్యూషన్‌లో పాతికమంది పిల్లలు, ఒక బాజీ. పెద్ద క్లాసు పిల్ల రాసింది చూసి చిన్న క్లాసు పిల్ల దించుకుంటుంది. దీని పేరు చదువు.

అడవి లోపలికి పోతే దుమ్ముగూడెం, చర్ల వైపు ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలలు కనిపిస్తాయి. అక్కడ కోయ పిల్లలు హాస్టల్లోనే ఉంటారు, పొద్దునా సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది. అక్కడ అంతా జన్నత్ అని కాదు, ఆ బడుల కష్టాలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం, అమ్మని వదిలి ఉండే పిల్లల బాధ వేరే. కానీ ఒక్క విషయం గమనించండి. కోయ భాష మాట్లాడే అమ్మకి తెలుగు పుస్తకం తెలియకపోయినా ఆ పిల్లకి అందువల్ల శిక్ష పడదు. రాసే పని బడి ఆవరణలోనే, చెప్పే మనిషి ఉన్నచోటే జరుగుతుంది. మన మైనారిటీ గురుకులాలు కూడా అదే పద్ధతి, కానీ అవి ఐదో తరగతి నుంచి. అంతకన్నా చిన్న పిల్లల కోసం మనం అడగాల్సింది ఇదే. ఆఖరి పీరియడ్ రాత పనికి ఇవ్వండి. మిగిలిందే ఇంటికి రావాలి, అది అరగంట దాటకూడదు.

ఇప్పుడు మక్తబ్ సంగతి. కోపం తెచ్చుకోవద్దు. పరీక్షలొస్తే మన ఇళ్లలో మొదట కత్తెర పడేది మక్తబ్ మీదే, అది తప్పు. ట్యూషన్ ఆపొచ్చు కదా, అరబీ ఎందుకు ఆపాలి? కానీ మక్తబ్ కూడా బడిలాగే "రేపటికి రెండు సూరాలు యాద్ చేసుకుని రా, లేకపోతే..." అని ఇంటికి పంపితే, అదీ హోంవర్కే. సబఖ్ మక్తబ్‌లోనే పూర్తి చేయించే హాఫిజ్ సాబ్‌లు మన దగ్గర ఉన్నారు, మాషా అల్లాహ్, వాళ్ల దగ్గర పిల్లలు నవ్వుతూ వెళ్తారు. నమాజు విషయంలోనే ఏడేళ్లకి చెప్పమని, గట్టిగా అడగడం పదేళ్లకని హదీసు నేర్పింది. దీన్ ఇంత సహూలత్ ఇచ్చినప్పుడు ఎల్‌కేజీ డైరీ ఎవరిచ్చిన ఫర్జ్?

రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇషాకి ముందు నిద్రనీ, ఇషా తర్వాత కబుర్లనీ ఇష్టపడలేదని సహీ బుఖారీలో ఉంది. ఉమ్మత్ తెల్లవారు వేళల్లో బరకత్ కోసం దువా చేశారని తిర్మిజీలో ఉంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంస్థ 2016లో చెప్పింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకే దారి కనిపిస్తోంది: ఇషాతో పుస్తకం మూత, పిల్లాడు పడక మీదికి. మిగిలిపోయింది ఏదైనా ఉంటే పొద్దున ఇరవై నిమిషాలు. జూన్‌లో ఫజర్ నాలుగుంబావుకే అవుతుంది, ఆ టైముకి చంటి పిల్లల్ని లేపమనడం లేదు. తొందరగా పడుకున్న పిల్లాడు ఆరు కాకముందే తనే లేస్తాడు. రాత్రి గంట పట్టిన లెక్కలు పొద్దున పావుగంటలో అయిపోతాయి, మీ ఇంట్లో వారం రోజులు చేసి చూడండి.

ఒంటిపూట బడులప్పుడు ఇది ఇంకా ముఖ్యం. మార్చి మధ్య నుంచి పిల్లలు మధ్యాహ్నానికే ఇంటికొచ్చేస్తారు, "ఇంత టైముంది కదా" అని మిట్టమధ్యాహ్నం కూర్చోబెడతాం. కొత్తగూడెం ఎండ, రేకుల ఇల్లు, చెమటకి పెన్సిల్ జారిపోయే చెయ్యి. ఆ టైములో పెద్దవాళ్లమే ఖైలూలా అని నడుం వాలుస్తాం. పిల్లాడూ పడుకోవాలి.

చివరిగా డైరీ గురించి. హోంవర్క్ పూర్తికాకపోతే అమ్మీలు రాత్రి పదింటికి పిల్లాడి చేతిరాతలాగా రాసి పెడుతున్నారు, నాకు తెలుసు. మానెయ్యండి. దాని బదులు డైరీలో ఒక లైను రాయండి, ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే: "టీచర్ గారూ, అరగంట చేశాడు, నిద్ర వచ్చింది, పడుకోబెట్టాను." కింద సంతకం. ఒక్కరు రాస్తే టీచర్ పిలిచి అడుగుతుంది. ఒకే క్లాసు నుంచి పదిమంది రాస్తే ప్రిన్సిపాల్ పిలుస్తాడు, అప్పుడు 2017 ఉత్తర్వు సంగతి అడుగుదురు గాని. మా వీధి నుంచి నలుగురు అమ్మీలు రాస్తామన్నారు, సోమవారం నుంచి.