రిఫైనరీ పైపుల్లో తుప్పు.. కొలిచిన చోట బాగానే ఉంది, పగిలింది పక్కన! లెక్క ఎక్కడ తప్పుతోంది?

రిఫైనరీలో అగ్నిప్రమాదం అనగానే మనకు స్క్రీన్ మీద కనిపించేది నల్లటి పొగ, ఫైరింజన్ల పరుగులు. కానీ చాలా కేసుల్లో కథ ఏళ్ల ముందే మొదలవుతుంది. పైపు లోపల, ఎవరి కంటికీ కనపడని చోట, లోహం కొద్దికొద్దిగా అరిగిపోతూ ఉంటుంది. మరి తనిఖీలు చేయరా అంటే.. చేస్తారు. రికార్డులు కూడా ఉంటాయి. అయినా పైపులు ఎందుకు పగులుతున్నాయి? అమెరికాలో జరిగిన రెండు ప్రమాదాలు, మన కోనసీమలో జరిగిన ఒక ఘోరం చూస్తే విషయం అర్థమవుతుంది.

రిచ్‌మండ్‌లో ఏం జరిగింది?

2012 ఆగస్టు 6. కాలిఫోర్నియాలోని షెవ్రాన్ రిచ్‌మండ్ రిఫైనరీ. క్రూడ్ యూనిట్‌లో 8 అంగుళాల పైపు ఒకటి లీకవుతోందని సిబ్బంది గుర్తించారు. యూనిట్ ఆపలేదు. లీక్ ఎక్కడుందో చూద్దామని పైపు చుట్టూ ఉన్న ఇన్సులేషన్ తీస్తుండగా పైపు ఒక్కసారిగా పగిలింది. 19 మంది ఉద్యోగులను ఆవిరి మేఘం కమ్మేసింది. కాసేపటికే మంటలు అంటుకున్నాయి. అదృష్టం బాగుండి అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. కానీ పొగ ప్రభావంతో చుట్టుపక్కల దాదాపు 15 వేల మంది ఆస్పత్రుల బాట పట్టారు.

పగిలిన ముక్క పొడవు 52 అంగుళాలు. దాని గోడ మందం దాదాపు 90 శాతం అరిగిపోయింది. కారణం.. క్రూడ్‌లో ఉండే సల్ఫర్. దాదాపు 230 డిగ్రీల సెల్సియస్ దాటాక సల్ఫర్ సమ్మేళనాలు ఇనుమును తినేయడం మొదలుపెడతాయి. ఉక్కులో సిలికాన్ తక్కువుంటే ఆ వేగం ఇంకా పెరుగుతుంది. ఈ పైపు 1976 నాటిది. ఆ రకం ఉక్కుకు సిలికాన్ కనీసం ఇంత ఉండాలన్న నిబంధన లేదు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఆ లైన్‌లో మందం కొలిచే పాయింట్లు ఎక్కువగా బెండ్ల దగ్గర పెట్టారు. సాధారణంగా బెండ్లే ముందు అరుగుతాయని లెక్క. కానీ వాటిలో సిలికాన్ సరిపడా ఉంది. అవి బాగానే ఉన్నాయి. సిలికాన్ లేని తిన్నటి ముక్క మాత్రం కాగితంలా పల్చబడిపోయింది. ఇలాంటి లైన్లలో ప్రతి ముక్కనూ తనిఖీ చేయాలని కంపెనీ సొంత నిపుణులే ప్రమాదానికి ముందు సిఫార్సు చేశారు. అది అమలు కాలేదని అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తులో తేలింది.

ఫిలడెల్ఫియా.. మళ్లీ అదే తప్పు

2019 జూన్ 21న ఫిలడెల్ఫియా ఎనర్జీ సొల్యూషన్స్ రిఫైనరీలో పేలుడు జరిగింది. 17 టన్నుల బరువున్న వెసెల్ ముక్క ఎగిరి నది అవతల పడింది! అత్యంత విషపూరితమైన హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కూడా బయటికొచ్చింది. ఇక్కడ పగిలింది ఒక ఎల్బో. 1970ల నాటిది. ఉక్కులో నికెల్, రాగి ఎక్కువ ఉండటంతో పక్కనున్న భాగాల కంటే చాలా వేగంగా అరిగింది. పగిలిన చోట మిగిలిన మందం 0.3 మిల్లీమీటర్లు మాత్రమే. క్రెడిట్ కార్డు మందంలో సగం కూడా లేదు. పక్క భాగాలను కొలిచారు.. ఆ ఎల్బోను మాత్రం కొలవలేదు. ఆ తర్వాత ఆ రిఫైనరీ శాశ్వతంగా మూతపడింది.

రిస్క్ లెక్క ఎలా వేస్తారు?

లెక్క వినడానికి సింపుల్‌గానే ఉంటుంది. ఉదాహరణకు పైపు గోడ ఇప్పుడు 8 మి.మీ. ఉందనుకుందాం. సేఫ్‌గా నడవాలంటే కనీసం 3 మి.మీ. ఉండాలి. అంటే చేతిలో ఉన్నది 5 మి.మీ. ఏడాదికి పావు మి.మీ. అరిగితే ఆ పైపు 20 ఏళ్లు వస్తుంది. అదే ఏడాదికి 1 మి.మీ. అరిగితే? ఐదేళ్లే! అందుకే పరిశ్రమ వాడే ఏపీఐ 570 ప్రమాణం ఒక షరతు పెట్టింది. మిగిలిన ఆయుష్షులో సగం గడిచేలోపే మళ్లీ కొలవాలి. దానికి మించి వదిలేయడానికి లేదు.

దీనికి తోడు.. పగిలే అవకాశం ఎంత, పగిలితే నష్టం ఎంత అనే రెండూ కలిపి చూస్తారు. నీళ్ల పైపు, యాసిడ్ పైపు ఒకే వేగంతో అరిగినా రెండూ ఒకటి కాదు కదా! ఎక్కువ రిస్క్ ఉన్న లైన్‌కే ముందు టైమ్, డబ్బు కేటాయిస్తారు. ఈ పద్ధతిలో తప్పులేదు. కానీ లెక్కలోకి వెళ్లే అరుగుదల వేగమే తప్పయితే మొత్తం లెక్క తప్పుతుంది. పది పాయింట్ల సగటు బాగుందని సంబరపడితే పదకొండో చోట పైపు పగులుతుంది.

నగరం చెప్పిన పాఠం

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ పేలింది. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇది రిఫైనరీ కాదు, కానీ లెక్క తప్పిన తీరు ఒకటే. తడి లేని గ్యాస్ కోసం వేసిన లైన్‌లో తేమ ఉన్న గ్యాస్ పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని విచారణలో బయటపడింది. అంటే.. పైపులో పారేది మారింది, దానికి తగ్గట్టు జాగ్రత్తలు మారలేదు.

విశాఖకు ఎందుకు ముఖ్యం?

విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ 1957లో మొదలైంది. ఆధునికీకరణతో దాని సామర్థ్యాన్ని ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి 1.5 కోట్ల టన్నులకు పెంచే పని చేపట్టారు. పక్కనే మల్కాపురం లాంటి జనావాసాలున్నాయి. 1997 సెప్టెంబర్‌లో ఇదే రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై పేలుడు జరిగినప్పుడు దాదాపు 60 మంది చనిపోయారు. ఆ గాయం నగరం ఇంకా మర్చిపోలేదు.

మరోవైపు 2022 తర్వాత మన దేశం కొనే క్రూడ్ మిశ్రమం బాగా మారింది. రష్యా వాటా భారీగా పెరిగింది. కొత్త క్రూడ్ అంటే ప్రమాదం అని కాదు. మన రిఫైనరీలకు సల్ఫర్ క్రూడ్ కొత్తేమీ కాదు. కానీ సల్ఫర్, యాసిడ్ శాతం మారిన ప్రతిసారీ పాత అరుగుదల లెక్కను పక్కనపెట్టి కొత్తగా వేయాలి. ఏ దేశంలోని రిఫైనరీకైనా ఇది వర్తిస్తుంది.

మన దగ్గర చమురు రంగ భద్రతా ప్రమాణాలు చూసేది ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్. పైపుల తనిఖీకి ప్రత్యేక ప్రమాణమే ఉంది. కాబట్టి ఈసారి ఎక్కడైనా ప్రమాదం జరిగి "తనిఖీలన్నీ సక్రమంగానే చేశాం" అనే ప్రకటన వస్తే అక్కడితో ఆగకూడదు. పగిలిన ఆ ముక్కను చివరిసారి ఎప్పుడు కొలిచారు? అది ఏ ఉక్కుతో చేసిందో రికార్డుల్లో ఉందా? క్రూడ్ మారాక లెక్క మళ్లీ వేశారా? లీక్ కనిపించగానే యూనిట్ ఆపారా? అధికారులు ఈ నాలుగింటికి జవాబు చెప్పాలి. ప్రమాదం జరిగాక కాదు.. పైపు ఇంకా నిలబడి ఉన్నప్పుడే.