పొగమంచు దీపములు: వెలిగింపవలసిన వేళ, ఆర్పవలసిన వేళ

కారో, మినీ వ్యానో, ట్రాక్టరో లేని కర్షక కుటుంబములు నానాటికి తగ్గుచున్నవి. పాలు, పూలు, ఆకుకూరలు తెల్లవాఱక మునుపే పట్టణము చేరవలెను. రైతు బజారునకు పోవువారు కోడికూతకే బయలుదేఱవలెను. మార్గశిర, పుష్య మాసములలో ఆ వేళకే మన దారులను పొగమంచు క్రమ్ముకొనును. పైరునకు ఎరువు, తెగులునకు మందు చెప్పవలసిన వ్యవసాయ ప్రదర్శకుడు బండి దీపములను గూర్చి వ్రాయుట యేల యని కొందఱు నవ్వవచ్చును. పండించిన సరకు అంగడి చేరువఱకు సేద్యము ముగియలేదనియు, ఆ సరకు వెంట పోయిన మనిషి క్షేమముగా ఇల్లు చేరువఱకు అసలే ముగియలేదనియు నా యభిప్రాయము. అందుచేత ఈ విషయము మన పత్రికకు తగినదే యని భావించుచున్నాను.

నేను చెప్పదలచినది మొదటనే చెప్పెదను. జనులు ఫాగు లైట్లని పిలుచు పొగమంచు దీపములను ముందు చూపు 100 మీటర్లకు తగ్గినప్పుడు మాత్రమే వెలిగింపవలెను. చూపు మఱల సాగినంతనే ఆర్పవలెను. ఈ రెండింటిలో మొదటిది ఎంత ముఖ్యమో రెండవదియు నంతే ముఖ్యము. నేడు మన దారులమీద ఈ రెండు నియమములును తలక్రిందులుగా నడచుచున్నవి. నిర్మలమైన వెన్నెల రాత్రులందు అలంకారమునకై ఆ దీపములను మండించువారు కొందఱు. నిజముగా మంచు క్రమ్మినప్పుడు వాని మీట యెక్కడనున్నదో యెఱుగక ఫుల్ లైటు వేసి కన్నులు చికిలించుకొనుచు నడపువారు మఱికొందఱు.

కర్షకులకు ఈ సంగతి తెలియజేయుటకు పురుగు మందు ఉదాహరణము చాలును. పొలములో నాలుగు పురుగులు కనబడగానే మందు చల్లవలదనియు, నష్టము కలిగించునంతటి సంఖ్యకు అవి చేరినప్పుడే చల్లవలెననియు మేము చెప్పుచుందుము. పురుగు లేని పైరుమీద చల్లిన మందు మేలు చేయకపోగా మిత్రకీటకములను చంపును. అట్లే మంచు లేని దారిమీద వెలిగిన మంచుదీపము నడపువానికి ఏమియు చూపదు, ఎదుటివాని కన్నులను మాత్రము చెఱచును. దీపమునకును ఒక పరిమితి కలదు.

ఆ పరిమితిని కొలుచుట యెట్లు? వాతావరణ శాస్త్రజ్ఞులు చూపు 1000 మీటర్లకు తగ్గినప్పుడే దానిని పొగమంచని పిలుతురు. మన దేశపు వాతావరణ శాఖవారు 200 మీటర్లకు తగ్గినదానిని దట్టమైన మంచనియు, 50 మీటర్లకు తగ్గినదానిని మిక్కిలి దట్టమైన మంచనియు విభజించినారు. కావున కొండ మసకగా కనబడినంత మాత్రమున, చెఱువుమీద తెల్లని పొర తేలినంత మాత్రమున ఈ దీపములతో పనిలేదు. 100 మీటర్లనగా భూమి కొలత యెఱిగిన మనకు కష్టమైన లెక్క కాదు. సర్వే గొలుసు 66 అడుగులు గదా, అట్టి ఐదు గొలుసుల దూరము సుమారుగా 100 మీటర్లగును. చదరముగా నున్న ఒక హెక్టారు పొలమునకు ఒక గట్టు పొడవు సరిగా అంతే. పొలము ఈ మూల నిలిచి ఆ మూలనున్న మనిషిని పోల్చుకొనలేనంత మంచు కలిగినచో దీపము వేయవలసిన వేళ వచ్చినదని గ్రహింపవలెను.

పొగమంచు ఎట్లు పుట్టునో కర్షకునకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆకాశము నిర్మలముగానుండి, గాలి నిలిచిపోయి, నేల తడిగానున్న రాత్రి భూమి తన వేడిమిని విడిచి చల్లబడును. దాని నంటియున్న గాలిలోని ఆవిరి సన్నని నీటి బిందువులుగా మాఱును. కాలువ నీరు పాఱిన కృష్ణా, గోదావరి మండలములలో 16వ సంఖ్య జాతీయ రహదారి ప్రక్కనను, హైదరాబాదు విజయవాడల నడుమ 65వ సంఖ్య దారిలోని పల్లపు నేలలయందును, పాడేరు, లంబసింగి ఘాటు దారులలోను చలికాలపు వేకువను మనము చూచునది ఇదియే. ఇట్టి మంచు పల్లములలో చేరును, మెఱకలలో విడిపోవును. ఒక మైలు నిర్మలముగా నడచిన దారి కాలువ వంతెన కడ అకస్మాత్తుగా గ్రుడ్డిదగును. దీపమును వేయుచు ఆర్పుచు నుండవలసి వచ్చుటకు ఇదియే కారణము.

ఇక దీపముల సంగతి. ముందటి మంచుదీపము బండికి క్రింది భాగమున, కార్లకు సాధారణముగా నేలనుండి 250 మిల్లీమీటర్లకు తక్కువగాక, 800 మిల్లీమీటర్లకు మించక అమర్చబడును. దాని వెలుగు వెడల్పుగా, పైకి ఎగయక, దారి అంచులమీదను చక్రముల ముందరను ప్రసరించును. హెడ్‌లైటు ఫుల్ వెలుగు అట్లుగాక ముందునకు, పైకి పోయి నీటి బిందువులకు తగిలి, తిరిగి నడపువాని కన్నులలోనే పడును. వానియెదుట తెల్లని తెర దించినట్లుండును. అందుచేత మంచులో డిమ్ము వెలుగును దానికి తోడు ముందటి మంచుదీపమును ఉంచవలెనే గాని ఫుల్ లైటు ఎన్నటికిని కూడదు. పసుపు రంగు దీపము మంచును చీల్చునను నమ్మకము జనులలో కలదు. మంచు బిందువులు వెలుగు తరంగములకన్న ఎంతో పెద్దవి గనుక అన్ని రంగులను ఇంచుమించు సమానముగానే చెదరగొట్టును. ఫ్రాన్సు దేశమున 1993 వఱకు కార్ల హెడ్‌లైట్లు పసుపుగానే యుండవలెనను శాసనముండి, పిమ్మట తొలగింపబడినది. అంగడిలో పసుపు బల్బు కొని మార్చినంత మాత్రమున మంచు మనకు దారి యియ్యదు.

వెనుకటి మంచుదీపము సంగతి ఇంతకన్న ముఖ్యము. ముందటి దీపము మనకు దారి చూపుటకు. వెనుకటిది మనలను ఇతరులకు చూపుటకు. మామూలు తోకదీపము వెలుగు సుమారు 4 మొదలు 12 క్యాండెలాలు. వెనుకటి మంచుదీపము వెలుగు అంతర్జాతీయ ప్రమాణముల ప్రకారము 150 మొదలు 300 క్యాండెలాలు. అనగా అది బ్రేకు దీపముతో సమానముగనో అంతకు మించియో వెలుగును. దట్టమైన మంచులో ఈ గుణమే ప్రాణరక్షకము. మంచు లేనప్పుడు అదే ప్రాణాపాయము, ఏలయనగా వెనుక వచ్చువాని కన్నులు చెదరి, మనము బ్రేకు వేసినప్పుడు వెలుగు ఎఱ్ఱదీపమును అతడు వేఱుగా గుర్తింపలేడు. ఈ కారణముచేతనే ఇంగ్లండు రహదారి నియమావళి చూపు మిక్కిలి తగ్గినప్పుడు, సాధారణముగా 100 మీటర్లకు తగ్గినప్పుడు గాని ఈ దీపములను వేయరాదనియు, తెరపి యీయగానే ఆర్పవలెననియు ఆజ్ఞాపించుచున్నది. జర్మనీ శాసనము మఱింత కఠినము. అచ్చట మంచువలన చూపు 50 మీటర్లకు తగ్గినగాని వెనుకటి దీపము వేయరాదు. అట్టి వేళ గంటకు 50 కిలోమీటర్లకు మించి నడపరాదు. ఫ్రాన్సులో వానకు వెనుకటి మంచుదీపము నిషిద్ధము.

దీపము హెచ్చైనచో ఎవరికి నష్టము, తక్కువైనచో గదా భయము అని కొందఱు వాదింతురు. ఈ వాదము వినుటకు బాగుగనే యుండును. గాని దారి ఒక్కనిది కాదు. మన కారు దీపము మనకు రవంత ధైర్యమిచ్చి, ఎదుట వచ్చు సైకిలువానికి క్షణకాలము చీకటి కలిగించినచో ఆ లెక్కలో లాభమెవరిది? గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా కదలును. పాలబిందెలతో గట్టు దిగి దారి దాటు మనిషికి ఆ సెకనే ఆయువు. అతి సర్వత్ర వర్జయేత్ అను పెద్దల మాట దీపమునకును వర్తించును.

ఇంతకన్న పెద్ద భ్రమ మఱొకటి కలదు. మంచుదీపములున్నవి గనుక వేగము తగ్గింపనక్కఱలేదని తలచుటయే అది. ఆ ఇంగ్లండు నియమావళిలోనే బండి నిలుచు దూరముల పట్టిక కలదు. పొడి దారిమీద గంటకు 48 కిలోమీటర్ల వేగమున పోవు కారు నిలుచుటకు 23 మీటర్లు, 80 కిలోమీటర్లకు 53 మీటర్లు, 112 కిలోమీటర్లకు 96 మీటర్లు కావలెను. తడి దారిమీద ఈ దూరము రెట్టింపు కావచ్చునని అందే చెప్పబడినది. మంచు పడిన దారి తరచుగా తడి దారియే. చూపు 50 మీటర్లున్నప్పుడు 48 కిలోమీటర్ల వేగమునకు 46 మీటర్లు కావలసివచ్చును. జర్మనీవారి శాసనము ఊరక పుట్టినది కాదని ఈ లెక్కవలన తేలుచున్నది. 80 కిలోమీటర్ల వేగమునకు 106 మీటర్లు కావలెను, అనగా 100 మీటర్ల చూపునకు కూడ అది మితిమీఱిన వేగమే. ఏ దీపమును ఈ కూడికను మార్చజాలదు.

ఈ లెక్కను మఱచినందులకు లోకము చెల్లించిన మూల్యము చూడుడు. 1990 డిసెంబరు 11వ తేదీన అమెరికా దేశపు టెన్నెస్సీ రాష్ట్రమున కాల్హౌను సమీపమున దట్టమైన మంచులో 99 వాహనములు ఢీకొని 12 మంది మరణించిరి. మఱుసటి యేడు మార్చి 13వ తేదీన ఇంగ్లండులో హంగర్‌ఫర్డు సమీపమున మంచు క్రమ్మిన దారిమీద 51 వాహనములు ఒకదానినొకటి తాకి 10 మంది మృతినొందిరి. ఆ బండ్లు దీపములు లేని బీద బండ్లు కావు, ఆ దారులు గుంటల దారులు కావు. చూపునకు మించిన వేగమున్నచోట మంచి బండియు మంచి దారియు రక్షింపజాలవు.

ఇంతవఱకు కారు నడపువారి బాధ్యతను చెప్పితిని. మన బాధ్యత మాటేమి? మంచులో వెనుకనుండి దెబ్బతినునది అనేక పర్యాయములు మన ట్రాక్టరు ట్రాలీయే. చెఱకో, వరిగడ్డియో, ధాన్యపు బస్తాలో చక్రములు కనబడకుండ నింపి, తోకదీపము లేక, గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. వెనుకటి ఎఱ్ఱదీపము 155 మీటర్ల దూరమునకు కనబడవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి చెప్పుచున్నది. మన ట్రాలీలలో ఎన్నింటికి అట్టి దీపము వెలుగుచున్నదో ఎవరి కొట్టములో వారు చూచుకొందురు గాక. పరుల దీపముల హెచ్చును నిందించు హక్కు మన దీపము వెలిగినప్పుడే మనకు కలుగును. జనులు రేడియము అని పిలుచు ఎఱ్ఱ పట్టీలకు అగు వ్యయము ఒక బస్తా ధాన్యము ధరకన్న తక్కువ. గడ్డి మోపులు వానిని కప్పివేయకుండ చూచుకొనుట మాత్రము మన చేతిలోని పని. అట్లే దారి ప్రక్క పొలములలో వరి కొయ్యలు తగులబెట్టిన పొగ వేకువ మంచుతో కలిసినచో చూపు మఱింత క్షీణించును. దారి గట్టున నిప్పు పెట్టువాడు తనవారి బండికే తెర కట్టుచున్నాడు.

నడపువారికి మఱి నాలుగు మాటలు. పలకమీద ముందటి మంచుదీపమునకు ఆకుపచ్చ గుఱుతును, వెనుకటిదానికి నారింజ పసుపు గుఱుతును వెలుగును. రెండింటియందును దీపపు గీతలను నిలువుగా ఒక వంకరగీత ఖండించుచుండును. పగటివేళనే ఈ మీటలను వెదకి నేర్చుకొనవలెను. కొన్ని కార్లలో పగలు వెలుగు చిన్న దీపములు ముందు మాత్రమే వెలుగును, తోకదీపము వెలుగదు. తమంతట తాము వెలుగు దీపములు వెలుతురు తగ్గుటను కనిపెట్టునే గాని మంచును ఎల్లప్పుడు కనిపెట్టజాలవు. కావున మంచులో మీటను చేతితో త్రిప్పవలెను. నాలుగు ఇండికేటర్లను మిణుకుమిణుకుమనిపించుచు నడుపుట మన దారులలో అలవాటైనది. దానివలన ఎటు తిరుగుచున్నామో వెనుకవానికి తెలియకపోవును. అవి నిలిచిన బండికే తగినవి. మంచు మితిమీఱినచో దారి దిగి, పెట్రోలు బంకు ఆవరణమునందో హోటలు ముంగిటనో ఎండ వచ్చువఱకు ఆగవలెను. దారి అంచున మాత్రము ఆగరాదు. ఒక గంట ఆలస్యమైనచో వంకాయ ధర కొంత తగ్గవచ్చును. ఆ నష్టమును వచ్చే కోతలో తీర్చుకొనవచ్చును.

మన సంఘము చేయదగినది కూడ కలదు. చలికాలమునకు ముందే, కోతల సమయమున, సంఘ కార్యాలయము ముంగిట ఒక ఆదివారము సభ్యుల బండ్లన్నింటిని నిలిపి దీపములు పరీక్షింపవచ్చును. ఎరువుల బస్తాలవలెనే రేడియము పట్టీలను టోకున తెప్పించి అసలు ధరకు ఇయ్యవచ్చును. ఇందుకు ప్రభుత్వపు ఉత్తర్వు కొఱకు వేచియుండనక్కఱలేదు, సర్వసభ్య సమావేశపు తీర్మానము చాలును. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనను సామెత మన ఆడవారు నిత్యము చెప్పునదే. మంచు రాకమునుపే బండిని చక్కబెట్టుకొనుట అట్టిదే. మంచు వచ్చినప్పుడు దీపము వేయుడు, మంచు పోయినప్పుడు ఆర్పుడు, రెండు వేళలను చూపునకు లోబడి నడపుడు అని సభ్యులకును, వారి బండ్లు నడపు కుమారులకును నా విన్నపము.