శాలువా కప్పే ముందు ఒక మాట



మన కోయంబత్తూరు మిల్లుల్లో శానా రోజులుగా ఒక పద్ధతి నడుస్తోంది. మనిషికి జబ్బు ముదిరితే చేతిలో నాలుగు దుడ్లు పెట్టి, "నా సొంత ఇష్టంతో రాజీనామా చేస్తున్నాను" అని కాగితం మీద సంతకం పెట్టించి పంపేస్తారు. అలా పంపిన యజమానే మన వైద్య శిబిరానికి విరాళం ఇస్తే, మనం శాలువా కప్పుతాం. మధురైలో తిరుమల నాయకుడి విగ్రహానికి మాల వేసే రోజు ముందు వరుసలో కూర్చోబెడతాం. పంపినవాడూ మనవాడే, పోయినవాడూ మనవాడే. అందుకే మనం నోరు తెరవము. ఇక తెరవాలి.

బ్లోరూములో, కార్డింగులో ఏళ్ళ తరబడి పత్తి దుమ్ము పీల్చినవారికి బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల రోగం వస్తుంది. మొదట్లో వారం సెలవు ముగిసి పనికి వచ్చిన రోజే ఛాతీ పట్టేస్తుంది. పోనుపోను అన్ని రోజులూ ఆయాసమే. ఇది తలరాత కాదు. చట్టం ప్రకారం ఇలాంటి రోగం కనబడితే మేనేజరూ, చూసిన డాక్టరూ సర్కారుకు రాసి తెలపాలి. ఇ.ఎస్.ఐ. చట్టం కూడా దీన్ని పని వల్ల వచ్చిన రోగాల పట్టీలో చేర్చింది.

తమిళనాడులో ఇ.ఎస్.ఐ. మొదలైందే మన కోయంబత్తూరులో, 1955లో. జీతంలో నూటికి 3.25 యజమాని కడతాడు, 0.75 కార్మికుడు కడతాడు. కాబట్టి అది ధర్మం కాదు, హక్కు. మామూలు జబ్బుకు ఏడాదికి 91 రోజులు జీతంలో 70 శాతం వస్తుంది. టి.బి., క్యాన్సర్, కిడ్నీ చెడిపోవడం లాంటి 34 దీర్ఘరోగాలకు, తగినంత సర్వీసు ఉంటే, 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా వస్తుంది. కాంట్రాక్టు కూలీ అయినా ఆ చందా ముందు కట్టాల్సింది మిల్లే. జబ్బు సహాయం తీసుకుంటున్న కాలంలో పని నుంచి తీసేయకూడదని 2025 దాకా అమల్లో ఉన్న ఇ.ఎస్.ఐ. చట్టం 73వ సెక్షన్ రాసింది. రాజీనామా కాగితం ఎందుకు రాయించుకుంటూ వచ్చారో ఇప్పుడు తెలిసిందా? తనంతట తాను పోయినవాడికి ఆ సెక్షన్ అడ్డువచ్చేది కాదు.

చట్టంలో ఒక సందు ఉండేది, అదీ చెప్పాలి. 2025 దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం, ఎడతెగని అనారోగ్యం వల్ల తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్‌గా లెక్కించేది కాదు. ఆ పరిహారం వచ్చేది కాదు.  అయినా గ్రాట్యుటీ పోదు. పని చేయలేని స్థితి వచ్చి ఆగిపోతే ఐదేళ్ళ షరతు కూడా లేదు.

"నష్టాల్లో ఉన్నాం, మిషను దగ్గర నిలబడలేనివాడిని ఏం చేసుకునేది?" అని యజమానులు అడుగుతారు. కార్డింగులోనే ఉంచమని ఎవరు అన్నారు? గేటు ఉంది, స్టోరు ఉంది, దుమ్ము లేని పని ఏదో ఒకటి ఉంది. రైల్వేలో డ్రైవరుకు చూపు తగ్గితే ఇంటికి పంపరు, అదే జీతానికి తగిన వేరే పని చూపిస్తారు. మేము ఆ ఫైళ్ళు రాసినవాళ్ళం. వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదని 2016 చట్టం సర్కారు సంస్థలను కట్టేసింది. ప్రైవేటు మిల్లుకు ఆ కట్టు లేదు. కానీ కులపెద్ద అనిపించుకోవాలంటే అంతమాత్రం చేయవద్దా?

వచ్చే సర్వసభ్య సమావేశంలో మనం ఒక తీర్మానం అడుగుదాం: జబ్బు మనిషి చేత రాజీనామా రాయించిన యజమానికి మన వేదిక మీద చోటు లేదు. కార్మిక సభ్యులకు ఒకటే మాట: జబ్బు సెలవులో ఉండగా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ముందు ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకోండి.