తీతువు కూత

తీతువు కూసిన యింటికి కీడు మూడునని మనలో ననేకులు నమ్ముచుందురు. ఆ కూత యెందులకో యెఱుగవలెనన్నచో మండువేసవిలో నొక చెఱువుగట్టునకు బోవుట మంచిది.

పాఠశాల సెలవులలో మేము పిల్లలతోగూడ మదీనాగూడకు సమీపముననున్న అమీన్‌పూర్ చెఱువునకు బోయితిమి. మన దేశమున నగరప్రాంత జలాశయములలో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా మొట్టమొదట, 2016లో, ప్రకటింపబడినది ఈ చెఱువే. చలికాలపు టతిథులైన ఉల్లంకులు చాలవఱకు ఎండలు ముదురకమున్నే యుత్తరదేశములకు మరలిపోవును. తీతువు మాత్ర మిచటనే నిలిచి యెండలోనే పిల్లలను గనును.

నీరు తీసిన యొడ్డు మనకు వట్టి బయలుగా దోచును; తీతువున కదియే పురిటిల్లు. అది చెట్టుపై గూడు కట్టదు. నేలపై చిన్నగుంటలో గులకఱాళ్ళవంటి మచ్చల గ్రుడ్లను సాధారణముగా నాలుగింటిని బెట్టును. ఎండ మిక్కుటమైనచో తల్లిదండ్రులు పొట్ట యీకలను నీట దడుపుకొని వచ్చి గ్రుడ్లను చల్లబఱచును. మా చిన్నవాడు బాట దిగగానే రెండు తీతువులు మా తలలపై దిరుగుచు నఱచినవి. నిలిచి చూడగా నాలుగడుగుల దూరమున గ్రుడ్లు కనబడినవి. మనుష్యుడైనను, కుక్కయైనను, పగలైనను, రాత్రియైనను దరిజేరినచో అవి యట్లే కూయును.

పంచతంత్రమున సముద్రుడు టిట్టిభ దంపతుల గ్రుడ్లను హరింపగా, పక్షులు గరుత్మంతునితో మొఱపెట్టుకొని వానిని మరల బడసినవి గదా! ఆ టిట్టిభమే మన తీతువు. నేడు వేసవిలో నెండిన చెఱువుల కడుపులలో బోయు కట్టడపు మట్టియు, చెత్తయు దాని గ్రుడ్లను గప్పివేయుచున్నవి. మొఱ వినవలసినవారము మనమే.

ఒడ్డున తడిమట్టిపై పసుపువన్నె సీతాకోకచిలుకలు గుంపుగా వ్రాలియుండెను. నీటితోబాటు మట్టిలోని లవణములను బీల్చుకొనుటకే అవి యట్లు చేరును. వచ్చునవి చాలవఱకు మగవి. కొన్ని జాతులలో ఆ లవణము ఆడుదానిద్వారా గ్రుడ్లకు జేరును. ఒడ్డు పూడ్చినచో ఆ తడియు నుండదు.

మన పెరటిలోను చేయదగిన పని కలదు. నిమ్మ, కఱివేపాకు మొక్కలపై పక్షిరెట్టవలె గనబడు చిన్నపురుగు పెరిగి పచ్చనై, తుదకు నలుపు పసుపు కలసిన సీతాకోకచిలుక యగును. నాలుగాకులు పోయినను మందు చల్లకుడు.

చెఱువునకు బోవునపుడు బాట విడువకుడు. తీతువు తలపై నఱచినచో వచ్చినత్రోవనే మరలుడు. మీ యూరి చెఱువున నెవరైనను మట్టి పోయుచున్నచో ఇరుగుపొరుగు స్త్రీలతో గలసి యధికారులకు విన్నపము వ్రాయుడు. రాత్రివేళ ఆ కూత వినబడినపుడు పిల్లలకు భయము చెప్పక, ఎచటనో యొక తల్లి తన గ్రుడ్లను గాచుకొనుచున్నదని చెప్పుడు.