డాబా మనది.. ఎండ మనది.. వ్యాపారం ఎవరిది?

గోదావరి డెల్టా అడుగున గ్యాస్ ఉందని దేశమంతా తెలుసు. ఆ గ్యాస్ ఎటు పోయిందో కూడా తెలుసు. 2009లో కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా పైపులైను వేసి పట్టుకుపోయారు. జేగురుపాడు, వేమగిరి, సామర్లకోటల్లో కట్టిన విద్యుత్ ప్లాంట్లు మాత్రం గ్యాస్ లేక ఏళ్ల తరబడి పడుకున్నాయి. ఇక్కడి జనానికి మిగిలిందేమిటి? 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ మంటలు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలి, నిద్రలోనే మాడిపోయిన బతుకులు.

కాళ్ల కింది సంపద సంగతి అది. ఇప్పుడు నెత్తి మీది ఎండ వంతు వచ్చింది. ఈసారైనా ఇక్కడి బిడ్డల చేతికి పని వస్తుందా, లేక డాబాలు అప్పగించి కింద నిలబడి చూడటమేనా? పెనుగొండ వేదికగా మేం ఈ ప్రశ్న లేవనెత్తుతున్నాం.

పదిహేడు లక్షల కొలువుల్లో మన ఊరి వాటా ఎంత?

2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం ప్రకటించింది. కోటి ఇళ్ల మీద సోలార్ పలకలు, 75,021 కోట్ల రూపాయల ఖర్చు. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా 78 వేల సబ్సిడీ. ఆ ఉత్తర్వుల్లోనే మరో మాట ఉంది. ఈ పథకంతో 17 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు వస్తాయట!

సంతోషం. ఆ పదిహేడు లక్షల్లో పెనుగొండకు వచ్చేవెన్ని? ఆచంటకు ఎన్ని? మార్టేరుకు ఎన్ని? చెప్పే నాథుడు లేడు. పైకప్పుల మీదే 40 వేల మెగావాట్లు తెస్తామని 2015లో ఢంకా బజాయించారు. గడువు 2022. ఆ గడువు నాటికి అందులో సగం కూడా కాలేదు. అదే 2015లో సూర్యమిత్ర పేరుతో శిక్షణ మొదలుపెట్టారు. ఐదేళ్లలో 50 వేల మందిని తయారు చేస్తామన్నారు. శిక్షణ ఇచ్చారు, సర్టిఫికెట్లు పంచారు. సర్టిఫికెట్ పట్టుకొచ్చిన కుర్రాడు సొంతంగా నాలుగు ఇళ్లకు పలకలు పెట్టుకునే దారి మాత్రం చూపలేదు.

వాసవీ కన్యకాపరమేశ్వరి పుట్టినిల్లుగా పేరున్న పెనుగొండకు వ్యాపారం ఎవరూ నేర్పనక్కర్లేదు. ధాన్యం, కొబ్బరి, బట్టలు, బంగారం.. అన్నీ తూకం వేసి అమ్మిన గడ్డ ఇది. డిగ్రీ కాలేజీ ఉంది. చుట్టుపక్కల ఐటీఐలు చదివిన వైర్‌మెన్లు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. అయినా ఇలాంటి ఊళ్లలో సోలార్ పేరుతో మన కుర్రాళ్లకు దక్కుతున్నదేమిటి? కరెంటు బిల్లుల జిరాక్సులు, ఆధార్ కార్డులు పోగుచేసి నగరంలోని కంపెనీకి పంపే కమీషన్ ఏజెంటు పని. లేదంటే డాబా మీద డ్రిల్లు పట్టుకునే రోజు కూలి. బిల్లు మీద పేరు వేరొకరిది. లాభం వేరొకరిది. చిప్ప మనది!

గడప దగ్గరే గొళ్లెం

ఈ వ్యాపారంలోకి దిగాలంటే ఏం కావాలో వివరంగా చెప్పుకుందాం. జీఎస్టీ నంబరు కావాలి. విద్యుత్ పనికి లైసెన్సు కావాలి. డిస్కం దగ్గర, జాతీయ పోర్టల్‌లో వెండర్‌గా నమోదు కావాలి. 2022లో తెచ్చిన సులభ విధానంలో నమోదుకు 2.5 లక్షల బ్యాంకు గ్యారంటీ అడిగారు. అదీ ఐదేళ్లకు. సులభమంటే ఇదీ వరస!

అక్కడితో అయిపోలేదు. మూడు కిలోవాట్ల ఏర్పాటుకు ఇంచుమించు రెండు లక్షలవుతుంది. సబ్సిడీ కావాలంటే సెల్లు, పలక రెండూ దేశంలో తయారైనవే వాడాలి. అవి దిగుమతి సెల్లుతో చేసిన వాటికంటే ఖరీదు. పలకలు ఇచ్చే డీలరు కొత్తవాడికి అప్పు పెట్టడు. సబ్సిడీ ఏమో పని పూర్తయి, మీటరు మార్చి, తనిఖీ అయ్యాక ఇంటి యజమాని ఖాతాలో పడుతుంది. అంటే ఒకేసారి మూడు ఇళ్ల పని పెట్టుకున్న కుర్రాడు ఆరు లక్షలు తిప్పుకోవాలి. గ్యారంటీతో కలిపితే ఎనిమిదిన్నర. ఐటీఐ చదివిన కౌలు రైతు కొడుకు ఇది ఎక్కడి నుంచి తెస్తాడు?

ఇంటి యజమానికి పూచీకత్తు లేకుండా అప్పు ఇవ్వమని బ్యాంకులకు చెప్పారు. మంచిదే. పలకలు బిగించేవాడికి? ముద్ర రుణం ఉంది కదా అంటారు. కాగితం మీద ఉంది. మేనేజరు ముందు కూర్చున్న కుర్రాడిని మాత్రం పొలం కాగితాలున్నాయా అనే అడుగుతున్నారు. కొనేవాడిని నమ్మే బ్యాంకు పనిచేసేవాడిని ఎందుకు నమ్మదు?

ఇక టెండర్ల సంగతి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్లు ఉచితమని, బీసీలకు కేంద్రం ఇచ్చే దానిపై మరో 20 వేలు అదనమని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మేం హర్షిస్తున్నాం. కానీ ఇలాంటి పనులకు ఇంటి తరఫున డిస్కమే గుత్తగా టెండర్ పిలిచే పద్ధతి కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. వేల ఇళ్లు ఒకే మూటగా కడితే ఆ మూట ఎత్తగలిగేది ఎవరు? కోట్ల టర్నోవర్ ఉన్న పెద్ద కంపెనీలే. దళితవాడలో ఉచిత పలకలు వస్తాయి. ఆ వాడలోని ఐటీఐ కుర్రాడు ఆ పలకలను మెట్ల మీదుగా మోస్తాడు. ఇదేనా సాధికారత?

చిన్నవాడు చేయలేడా?

పెద్ద కంపెనీలైతే నాణ్యత ఉంటుందని, ఊరి కుర్రాళ్లకు ఇస్తే పాడుచేస్తారని కొందరు మేధావుల వాదన. మేం ఒప్పుకోం. డెల్టా డాబా సంగతి డెల్టా మనిషికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఇక్కడ ప్రతి ఇంటి పక్కన కొబ్బరిచెట్టు ఉంటుంది. ఒక్క మట్ట నీడ ఒక్క పలక మీద పడినా దానితో వరసగా కలిపిన పలకలన్నిటి ఉత్పత్తీ దెబ్బతినవచ్చు. సముద్రపు ఉప్పుగాలికి నాసిరకం ఇనుప స్టాండు నాలుగేళ్లలో తుప్పు పడుతుంది. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. 2025 అక్టోబరు 28న మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది. స్లాబులోకి ఎంత లోతున బోల్టు దిగాలో, మంచి జింకు పూత ఎందుకు కావాలో ఈ గాలులు చూసినవాడికి చెప్పక్కర్లేదు.

ఇంకో నిజం. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన ఏర్పాటు, లైన్‌లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన రక్షణ అది. తుపాను వచ్చి మూడు రోజులు లైను లేకపోతే ఎండ ఎంత కాసినా ఫ్యాను తిరగదు. కరపత్రాలు పంచే ఎందరు ఏజెంట్లు ఈ మాట చెబుతున్నారు? రేపు అదే వీధిలో తలెత్తుకు తిరగాల్సినవాడు దాచలేడు. వెండర్ ఐదేళ్ల నిర్వహణ చూడాలన్నది నిబంధన. ఇన్వర్టరు ఆగితే నగరంలోని కాల్ సెంటర్‌కు ఫోన్ చేయాలా, రెండు వీధుల అవతలి కుర్రాడిని పిలవాలా?

అనుభవం కావాలంటే పక్క రాష్ట్రమే చూడండి. 1995లో హరీష్ హండే కర్ణాటకలో సెల్కో స్థాపించారు. పేద ఇళ్లకు గ్రామీణ బ్యాంకుల అప్పుతో సోలార్ దీపాలు పెట్టించి, ఊళ్ల దగ్గరే సర్వీసు కేంద్రాలు నడిపారు. 2011లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. బంగ్లాదేశ్‌లో 1996లో పుట్టిన గ్రామీణ్ శక్తి వంటి సంస్థల వల్ల 40 లక్షలకు పైగా ఇళ్లకు చిన్న సోలార్ యూనిట్లు చేరాయి. అక్కడ బిగించిందీ, బాగుచేసిందీ ఊళ్లలో తర్ఫీదు పొందిన మనుషులే. పేద బంగ్లాదేశ్‌కు చేతనైంది అన్నపూర్ణ అని పిలిచే గోదావరి జిల్లాలకు చేతకాదా?

ఇవీ మా డిమాండ్లు

ఒకటి, ఐటీఐ, డిప్లొమా చదివిన స్థానిక యువకులు ఐదుగురు జట్టుగా వస్తే బ్యాంకు గ్యారంటీకి ప్రభుత్వ కార్పొరేషన్ హామీ ఉండాలి. రెండు, ఉచిత పలకల టెండర్లను మండలాలవారీగా విడగొట్టాలి. ఎస్సీ, ఎస్టీ ఇళ్ల పనిలో ఆ వర్గాల యువకులకే మొదటి హక్కు ఉండాలి. మూడు, దరఖాస్తు ఎప్పుడు వచ్చింది, మీటరు ఎప్పుడు మార్చారు, సబ్సిడీ ఎప్పుడు పడింది.. ఈ వివరాలు ప్రతి సెక్షన్ ఆఫీసు గోడ మీద ఉండాలి. పది కిలోవాట్ల దాకా సాధ్యాసాధ్యాల పరిశీలనే అక్కర్లేదని, 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలని 2024లోనే నిబంధనలు సవరించారు. అమలు చూపించండి. నాలుగు, దగ్గర్లో సర్వీసు మనిషి లేని కంపెనీకి మన డాబా ఎక్కే అర్హత ఉండకూడదు.

ఉద్యోగ మిత్రులారా! బ్యాంకు అప్పుతో ముందుగా పలకలు పెట్టించుకునేది మీరే. మూడు కిలోవాట్లకు రోజుకు ఇంచుమించు పన్నెండు యూనిట్లు వస్తాయి. బిల్లు తగ్గుతుంది. తగ్గించుకోండి. కానీ సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగండి. మీ సర్వీసు మనిషి ఏ ఊళ్లో ఉంటాడు?

విద్యార్థి మిత్రులారా! నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ వయసు కరిగించుకున్నది చాలు. ఐదుగురు కలవండి. ఒకరు లైసెన్సు, ఒకరు లెక్కలు, ముగ్గురు డాబా పని పంచుకోండి. మొదటి ఇల్లు మీ మేనమామదే పట్టండి. అది తుపానుకు నిలబడితే రెండో ఇల్లు దానంతటదే వస్తుంది. అడ్డుపడే ఆఫీసు ముందు కూర్చోవడం మనకు కొత్తేమీ కాదు. 2000లో కరెంటు చార్జీల మీద జనం రోడ్డెక్కితే బషీర్‌బాగ్‌లో తూటాలు పేలాయి. కరెంటు విషయంలో ఏ హక్కూ ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

గ్యాస్ పోయింది. ఎండను కూడా గుత్తకు ఇచ్చేస్తామంటే ఊరుకునేది లేదు. పెనుగొండ డాబా మీద పెనుగొండ బిడ్డే బోల్టు బిగించాలి. బిల్లు మీద వాడి పేరే ఉండాలి.